భావితరాల హక్కు నీతివాక్యం మాత్రమేనా?

భావితరాల హక్కులపై వచ్చిన వ్యాసానికి ఇది నా స్పందన. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులైలో వెలువరించిన సలహా అభిప్రాయాన్ని దేశాలు పాటించి తీరాలన్న నిబంధన లేదు గనుక, భావితరాల పట్ల బాధ్యత చట్టపరమైనది కాదు, నైతికమైనదేనని వ్యాసకర్త వాదించారు. ఆ వాదనతో ఏకీభవించలేను. వాతావరణ వ్యవస్థను ప్రస్తుత, భావి తరాల మేలుకోసం కాపాడాలని 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒడంబడిక మూడో అధికరణమే చెబుతోంది. తరాల మధ్య సమన్యాయాన్ని, అంటే నేటి తరం వల్ల రేపటి తరాలకు అన్యాయం జరగరాదన్న సూత్రాన్ని, కోర్టు స్వతంత్ర హక్కుగా కాక, నిబంధనల అన్వయానికి మార్గదర్శిగా చూసిందన్నది మాత్రం నిజం.

ఇది మాటలకే పరిమితమైన చర్చ కాదు. ఒడిశాలోని మా గంజాం తీరంలో, రుషికుల్య నది ముఖద్వారం చేరువలోని పొడంపేటలో, సముద్రపు కోతకు ఇళ్లు కోల్పోయి మన తెలుగు జాలరి కుటుంబాలు ఊరు మారాయి. (కోతకు వాతావరణ మార్పొక్కటే కారణమని నేననను.) ఇక పుట్టబోయేవారి తరఫున దావా వేసే అర్హత ఎవరిదన్నదే అసలు చిక్కు, ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు 1993లోనే ఆ అర్హతను పిల్లలకు ఇచ్చిందన్న సంగతిని వ్యాసం ప్రస్తావించి ఉండాల్సింది.