మొక్కుజొన్న

2022 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ గారు అయోవా రాష్ట్రంలోని మెన్లో అనే చిన్న ఊళ్లో, ఇథనాల్ కర్మాగారంలో నిలబడి ప్రసంగిస్తుండగా పైనుంచి ఏదో రాలి ఆయన కోటు మీద పడింది. వీడియో చూసినవాళ్లంతా పక్షి రెట్ట అనుకున్నారు. శ్వేతసౌధం సిబ్బంది ఆఘమేఘాల మీద వివరణ ఇచ్చారు: అది రెట్ట కాదు, మొక్కజొన్న.

ఆ వివరణ నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు. రెట్ట అయితే మనిషన్నవాడు తుడుచుకుంటాడు. మొక్కజొన్న అని తేలాక, ఆ పంటకు పేరుపడ్డ అయోవా గడ్డ మీద, ఓట్లు కావలసిన ఏ నాయకుడు తుడుచుకోగలడు? వేదిక వెనక సహాయకుల మధ్య ఏం జరిగి ఉంటుందో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఒకాయన రుమాలు తీస్తాడు. రెండో ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతాడు. "ముందు అదేమిటో తేల్చండి. రెట్టయితే తుడవండి, గింజయితే కళ్లకద్దుకోండి." మూడో ఆయనకు ధర్మసందేహం వస్తుంది. "గింజ తిన్న పిట్ట వేసిన రెట్టయితే?" కాసేపు నిశ్శబ్దం. చివరికి అందరిలోకీ సీనియర్ తీర్పు చెబుతాడు. "అప్పుడు పిట్టకు కూడా రాయితీ ఇవ్వాలి."

ఇంతకీ ఆయన అక్కడికి వెళ్లింది, మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్‌ను 15 శాతం కలిపిన పెట్రోలును ఆ వేసవిలోనూ అమ్ముకోవచ్చని ప్రకటించడానికి. వేసవిలో గాలి పాడవుతుందని దానికి ఆంక్ష ఉండేది. 2019లో ట్రంప్ గారు ఆ ఆంక్ష ఎత్తేస్తే, ఆ ఎత్తివేతను 2021లో కోర్టు కొట్టేసింది. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరూ ఈ ఒక్క గుడిలో మాత్రం ఒకే వరుసలో నిలబడి దండం పెట్టారు.

మన పెద్దలు పురాణ, ప్రసూతి, శ్మశాన వైరాగ్యాలని మూడు చెప్పారు. నాలుగోదాన్ని అమెరికా కనిపెట్టింది. మొదటి మూడూ ఇల్లు చేరేలోగా వదిలిపోతాయి. ఇథనాల్ వైరాగ్యం ఓడి ఇల్లు చేరాకే పట్టుకుంటుంది. అల్ గోర్ గారు ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1994లో, సెనేట్‌లో చెరిసగమైన ఓట్లను తన ఓటుతో ఇథనాల్ వైపు తిప్పారు. 2000లో అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయారు. 2010లో ఏథెన్స్‌లో నోరు విప్పి, మొదటి తరం ఇథనాల్‌ను, అంటే తిండిగింజల నుంచి తీసేదాన్ని, నెత్తికెత్తుకోవడం పొరపాటేనని, అధ్యక్ష పదవికి పోటీ చేయబోతున్నందువల్ల అయోవా రైతుల మీద తనకు కాస్త మమకారం ఉండేదని ఒప్పుకున్నారు. మనిషి నిజాయితీపరుడే. కాస్త నిదానస్తుడు, అంతే.

అయోవాకు ఇంత మహిమ ఎందుకంటే, 1972 నుంచి అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక అక్కడే మొదలయ్యేది. 2016లో రిపబ్లికన్ పార్టీ తరఫున పోటీకి దిగిన టెడ్ క్రూజ్, పెట్రోలులో ఇంత ఇథనాల్ కలిపి తీరాలన్న కోటా ఎత్తేయాలన్నారు. ఆయనను ఓడించాలని సొంత పార్టీ గవర్నరే బహిరంగంగా పిలుపునిచ్చారు. అయోవాలో క్రూజే గెలిచారు! గర్భగుడిలో దేవుడు లేడని అందరి కళ్లముందే తేలిపోయింది. ఒక్కరైనా ప్రదక్షిణలు మానారా? 2024 ఎన్నికలకు డెమొక్రాట్లు అయోవాను మొదటి వరుస నుంచి తప్పించారు కూడా. మొక్కులు మాత్రం ఆగలేదు.

మొక్కుల జమాఖర్చు 2007 నాటి చట్టంలో ఉంది. 2022 నాటికి ఏటా 3,600 కోట్ల గ్యాలన్ల జీవ ఇంధనం కలపాలన్నారు. అందులో మొక్కజొన్నకు 1,500 కోట్ల దాకా, గడ్డికీ చొప్పకూ 1,600 కోట్లు. గడ్డి నుంచి ఇంధనం వచ్చింది నామమాత్రమే. గడ్డి తినడం మాత్రం నిరాటంకంగా సాగింది. గ్యాలన్‌కు 45 సెంట్ల పన్ను రాయితీ 2011తో ముగిసిందని పొంగిపోయినవాళ్లున్నారు. తప్పనిసరి కోటా అలాగే ఉంది కదా: హుండీ తీసేసి నిలువుదోపిడీ ఉంచారన్నమాట. ఆ హుండీ కూడా తిరిగొచ్చింది. 'స్వచ్ఛ ఇంధనం' పేరిట గ్యాలన్‌కు డాలరు దాకా ఇచ్చే పన్ను రాయితీని 2025లో 2029 దాకా పొడిగించారు. పంట కోసం ఇంకెక్కడో అడవి కొట్టేస్తే ఆ కాలుష్యం లెక్కలోకి తీసుకోవద్దని చట్టంలోనే రాసుకున్నారు. లెక్క తప్పితే విద్యార్థి తప్పుతాడు. ఇక్కడ లెక్కనే తప్పించారు.

ఇదంతా రైతు కోసమట. దయచేసి ఆ మాట అనకండి. అయోవాలో సగానికి పైగా సాగుభూమి కౌలుది. గింజ ధర పెరిగితే కౌలు పెరుగుతుంది. దున్నేవాడి చేతికొచ్చింది భూమి ఉన్నవాడి ఖాతాలోకి పోతుంది. పొలంలో చల్లిన నత్రజని ఎరువు వానకు కొట్టుకుపోయి, నైట్రేట్లుగా నదిలో కలుస్తుంది. 2025 జూన్‌లో అయోవా రాజధాని డెమోయిన్ ప్రాంతంలో తాగునీటిలోంచి నైట్రేట్లను తీసే యంత్రాలు తట్టుకోలేక, పచ్చికకు నీళ్లు పెట్టొద్దని లక్షల మందికి ఆంక్ష పెట్టారు. నైట్రేట్లు ఎక్కువైన నీళ్లు పాలసీసాలో పడితే పసిబిడ్డ ఒళ్లు నీలం తిరుగుతుంది. వాటిని వడకట్టే ఖర్చు నీటి బిల్లులో కట్టేది ఆ తల్లే. పొలం ఆమెది కాదు, కర్మాగారం ఆమెది కాదు, రాయితీలో చిల్లిగవ్వ ఆమెకు రాదు. సిగ్గుండాలి!

ఈసారి ఆ నీటిశుద్ధి కేంద్రం ముందు వేదిక వేస్తామని ఏ అభ్యర్థినైనా పిలిచి చూడండి. కోటు ఇస్త్రీకి వెళ్లిందంటాడు.