అమీర్‌పేటలో ఆరు పెట్టెల ప్లాట్‌ఫాం, మూడు పెట్టెల రైలు

హైదరాబాదులో సాయంత్రం ఆరున్నరకి మనిషి చేతులు చాపుకుని ప్రశాంతంగా నిలబడగలిగే చోటు ఎక్కడ అని అడిగితే కేబీఆర్ పార్కు, ట్యాంక్‌బండ్ అని చెప్పేవాళ్లకి ఈ ఊరు తెలియదని అర్థం. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివరికి వెళ్లండి. పైన కప్పుంది, కింద నున్నటి నేల ఉంది, మనుషులు లేరు. మనుషులు ఎందుకు లేరంటే అక్కడికి రైలు రాదు. ప్లాట్‌ఫాం కట్టింది ఆరు పెట్టెల రైలుకి. తిరిగేది మూడు పెట్టెల రైలు. మిగతా సగం ప్లాట్‌ఫాం, నేనర్థం చేసుకున్నంతవరకు, ధ్యానానికి వదిలారు.

ఈ ఘనత వెనక పెద్ద చరిత్రే ఉంది, కాస్త ఓపిక పట్టండి. 2008లో ఈ మెట్రో కాంట్రాక్టు మేటాస్ అనే కంపెనీకి దక్కింది. మిగతా కంపెనీలు ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతుంటే ఈ మహానుభావులు మాత్రం మేమే మీకు ఎదురు 30,311 కోట్లు ఇస్తామన్నారు. మెట్రో కట్టి, నడిపి, పైగా ఎదురిస్తారట! ఇదేం లెక్క అని మామూలు బుర్రున్న వాడెవడైనా అడుగుతాడు కదా, ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ అడిగారు, ప్రభుత్వ భూములు కంపెనీకి ఇలా కట్టబెట్టడం మీద అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. దానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? ఆయన మీద పరువునష్టం దావా వేస్తానంది. తర్వాత 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల బాగోతం బయటపడింది, ఆ యజమాని కుటుంబానిదే అయిన, దాని పేరునే తిరగేసి పెట్టుకున్న మేటాస్ కాంట్రాక్టు అదే ఏడాది రద్దయింది. ఎవరి పరువు ఎంత నష్టపోయిందో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు. మళ్లీ టెండరు పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీకి వెళ్లింది. ఈసారి వాళ్లు ఇవ్వడం లేదు, ప్రభుత్వాలే 1,458 కోట్లు ఎదురిస్తామన్నాయి, స్టేషన్ల దగ్గరా డిపోల దగ్గరా 269 ఎకరాల మీద కట్టుకునే హక్కులు అదనం, దానికి టీఓడీ అని పేరు. ప్రపంచంలోనే అతి పెద్ద పీపీపీ, అంటే ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి కట్టిన, మెట్రో అని చెప్పుకున్నాం. చెప్పుకోవడంలో మనకి ఎప్పుడూ మూడు పెట్టెలు సరిపోవు, ఆరూ కావాలి.

2017 నవంబరు 28న ప్రధాని మియాపూర్‌లో ప్రారంభించారు. మియాపూర్ నుంచి వచ్చేదీ నాగోలు నుంచి వచ్చేదీ రెండూ అమీర్‌పేటలోనే ఆగిపోయేవి. మరుసటేడు ఎల్బీనగర్ కలిసింది, 2019 మార్చిలో హైటెక్ సిటీ, నవంబరులో రాయదుర్గం. అక్కడితో అమీర్‌పేట తలరాత ఖరారైంది.

ఎందుకంటే స్టేషన్ కట్టిన తీరు అలాంటిది. కింద రోడ్డు, దాని మీద టికెట్ల అంతస్తు, దాని పైన మియాపూర్-ఎల్బీనగర్ రెడ్ లైన్, అన్నిటికంటే పైన నాగోలు-రాయదుర్గం బ్లూ లైన్. అంటే కూకట్‌పల్లి వాళ్లూ దిల్‌సుఖ్‌నగర్ వాళ్లూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉన్న ప్రతివాడూ కింది లైన్లో దిగి, ఒకేసారి, అవే మెట్ల మీద, పై లైన్లోకి ఎక్కాలి. ఉద్యోగం లేనివాళ్లు కిందికి దిగి కంప్యూటర్ కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వైపు వెళ్లాలి, మెట్ల దగ్గరే చేతిలో డేటా సైన్స్ పాంప్లెట్ పెడతారు, అది చదివి ఉద్యోగం తెచ్చుకుని మర్నాటి నుంచి వాళ్లూ పైకి ఎక్కుతారు. ఇంత పకడ్బందీ ప్లానింగ్ నేనింకెక్కడా చూడలేదు.

ఇక అసలు వేడుక పై ప్లాట్‌ఫాం మీద. ఊరినుంచి కొత్తగా దిగిన మామగారు ఒకాయన ఉంటారు, రోజూ ఉంటారు, మొహాలే మారతాయి. చేతిలో జిప్పు ఊడిన బ్యాగు, అందులో ఆవకాయ. మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్న చోటు చూసి, ఆ పక్కనే అంత ఖాళీ జాగా చూసి, పట్నం వాళ్ల తెలివితక్కువతనానికి జాలిపడి చివరికంటా నడిచి వెళ్లిపోతారు.

"మామయ్యగారూ, అటు కాదండీ, ఇటు రండి."

"ఇక్కడ ఖాళీగా ఉంది కదయ్యా!"

"అక్కడికి రైలు రాదండీ."

"ప్లాట్‌ఫాం ఉన్నాక రైలు రాకపోవడమేంటయ్యా?"

అల్లుడి దగ్గర సమాధానం లేదు. బీటెక్ చదివాడు, అమెరికా క్లయింట్‌కి రాత్రి పదకొండింటికి అన్నీ వివరిస్తాడు, ఇది మాత్రం వివరించలేడు. ఈలోగా రైలు వస్తుంది. పెళ్లికి వచ్చిన చుట్టాలందరినీ ఒక్క ఆటోలో ఎక్కించినట్టు అప్పటికే లోపల జనం తలుపులకి అతుక్కుని ఉంటారు. మామగారు బ్యాగుతో పరుగు, వెనక అల్లుడు, "నాన్నా మెల్లగా" అని కూతురు, అత్తగారు లేడీస్ అని రాసి ఉన్న వైపు ఇంకో పరుగు. అత్తగారు ఎక్కేస్తారు. తలుపులు మూసుకుంటాయి. మిగిలిన ముగ్గురూ ప్లాట్‌ఫాం మీద, అత్తగారు అద్దం లోపలి నుంచి చెయ్యి ఊపుతూ రాయదుర్గం వైపు. ఫోను? ఫోను ఆవకాయ బ్యాగులో ఉంది. బ్యాగు మామగారి దగ్గర ఉంది. అప్పుడు స్పీకర్లో ఆ తియ్యటి గొంతు, పసుపు గీత దాటవద్దని. గీత దగ్గరికి చేరగలిగితే కదమ్మా దాటడానికి!

2023 జులైలో రోజుకి ప్రయాణికులు 5 లక్షలు దాటారని సంబరం చేసుకున్నారు. సంబరం దేనికి? జనం పెరిగారు, పెట్టెలు పెరగలేదు, అంటే మనం సన్నబడ్డామనా? అదే ఏడాది టాయిలెట్ వాడితే డబ్బు కట్టమన్నారు. 2025 మేలో అరవై రూపాయల టికెట్‌ని 75 చేశారు, జనం గోల పెడితే కాస్త తగ్గించి 69 అన్నారు, దాన్ని డిస్కౌంట్ అన్నారు. అరవై నుంచి 69కి వచ్చిన డిస్కౌంట్! నష్టాలంటారు. ఉండొచ్చు, కాదనను. రోజూ కిక్కిరిసి నడిచే బండికి నష్టం వస్తే లెక్క ఎక్కడో మొదట్లోనే తప్పింది, టికెట్ల దగ్గర కాదు.

ఇంతవరకూ సరదాకే అన్నాను. ఇక్కడ మాత్రం సరదా రాదు నాకు. 2019 సెప్టెంబరు 22. ఆదివారం, వాన. ఒక అమ్మాయి తడవకుండా ఈ స్టేషన్ కింద నిలబడింది. పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడి తల మీద పడింది. చనిపోయింది. స్టేషన్ తెరిచి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. వందేళ్ల పాత కట్టడం కాదు, భూకంపం రాలేదు, వాన పడింది అంతే. తర్వాత తనిఖీలన్నారు, పరిహారం అన్నారు. అసలు ఆ పిల్ల ఎక్కడ నిలబడాలి? కింద నిలబడితే పెచ్చులు, రోడ్డు మీద నిలబడితే బస్సులు. ఫుట్‌పాత్ అంతా మీ స్తంభాలకీ మీ మెట్లకీ ఇచ్చాం. వేలకోట్లు పోసి కట్టిన దాని కింద వానకి పది నిమిషాలు నిలబడే హక్కు కూడా లేకపోతే అది ఎవరికోసం కట్టినట్టు? పీపీపీ, టీఓడీ అని అక్షరాలన్నీ నోటికొచ్చినవాళ్లకి ఒక్క స్లాబు అడుగున సుత్తితో తట్టి చూడాలని తోచలేదా? సిగ్గుండాలి. ఆ మాట అధికారులకే కాదు, వారం రోజులు టీవీ చూసి మర్చిపోయి మళ్లీ అక్కడే నిలబడి పాంప్లెట్లు తీసుకుంటున్న మనక్కూడా.

2025 సెప్టెంబరులో ఇంకో మలుపు తిరిగింది. ఎల్ అండ్ టీ తప్పుకుంటానంది, అప్పులతో సహా తీసుకుంటానని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. మంచిదే, ఎవరు నడిపినా ఎక్కేది మనమే. నెత్తిన వేసుకునే అప్పు 13 వేల కోట్లని మాత్రం గబగబా చెప్పారు. దాంతోపాటే, ఆ ప్లాట్‌ఫాం చివరిదాకా వచ్చే పెట్టెలు ఎన్ని కొంటారో, ఏ నెలలో దింపుతారో కూడా ఒక కాగితం మీద రాసి టికెట్ కౌంటర్ పక్కన అంటించండి. మామగార్లకి అల్లుళ్లు చూపించుకుంటారు.