టీవీ పెట్టె మీద అర్థంకాని రాతలు

అట్టపెట్టె మీద రాసినవన్నీ చదివినా ఏం కొంటున్నామో తెలియకపోతే ఆ రాతలు ఎవరి కోసం?

ఓఎల్ఈడీ రకం తెరలో ప్రతి పిక్సెల్ (బొమ్మలోని చిన్న చుక్క) తనే వెలుగుతుంది, తనే ఆరిపోతుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. క్యూఎల్ఈడీ అని అమ్మేవి చాలావరకు ఎల్‌సీడీలే: వెనక లైటు, ముందు క్వాంటమ్ డాట్ల (రంగుల్ని మెరుగుపరిచే అతిసూక్ష్మ కణాల) పొర. మంచివే కావచ్చు, కానీ జాతి వేరు. ఆ ముక్క రాయడానికి ఏం అడ్డు?

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) సంగతి మరీ ఘోరం. ఆ సిగ్నల్‌ని తీసుకోగలిగితే చాలు, పెట్టె మీద ముద్ర పడిపోతుంది. తెరకు అంత వెలుగు ఇచ్చే సత్తా ఉందో లేదో ఎవరూ చెప్పరు. హెచ్‌డీఆర్ సినిమాల్ని చాలాసార్లు 1000 నిట్ల (తెర వెలుగుకు కొలత) లెక్కలో తయారుచేస్తారు. చవక తెరలు చాలా వరకు 300 దరిదాపుల్లోనే ఆగిపోతాయి. ఎన్ని నిట్లో ఒక్క అంకె వేస్తే కొనేవాడికి ఎంత మేలు!

నాకు అన్నిటికన్నా మండేది 'మోషన్ రేట్ 120'. తెర మీద బొమ్మ సెకనుకు మారేది 60 సార్లే! హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లో చెప్పే కొలత) అన్న మాట తప్పించి, పెద్ద అంకె మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఇది మోసమే, ఇంకో పేరు అక్కర్లేదు.

హెచ్‌డీఎంఐ 2.1 (బొమ్మ, ధ్వని తెచ్చే కేబుల్ పోర్టు రకం) అని ఉన్నా 4కే 120 హెర్ట్జ్ వస్తుందన్న హామీ లేదు, నిబంధనల ప్రకారం అది ఐచ్ఛికమే. ఏ పోర్టు ఏం చేస్తుందో పెట్టె మీదే రాయాలి. అది అడిగే హక్కు మనకుంది.