"చెట్ల తెగుళ్ల మీద జీవితకాల పరిశోధన దండగ" అనే వాదనకు జవాబు

పరాయి దేశాల నుంచి వచ్చి అడవి చెట్లను చంపే సూక్ష్మజీవుల మీద ఒక శాస్త్రవేత్త తన ఉద్యోగకాలమంతా గడపడం దండగ అనే వాదన ఈ మధ్య బాగా ప్రచారంలో ఉంది. దాని సారం ఇది: రోగాన్ని తట్టుకోవడం చెట్లకు ప్రకృతే నేర్పుతుంది, కారణమేదో డీఎన్‌ఏ పరీక్ష ఒక్క రోజులో చెప్పేస్తుంది, వీళ్లు చేసేదల్లా పేర్లు పెట్టడమే, జబ్బు చెట్లు కొట్టేస్తే చాలు, రేవుల్లో తనిఖీలు ఉండనే ఉన్నాయి, ఇన్నేళ్లయినా మందు కనిపెట్టలేదు. విడివిడిగా చూస్తే ఒక్కో మాటా సబబుగానే తోస్తుంది. కాబట్టి ఒక్కొక్కటిగానే చూద్దాం.

"ప్రకృతే చూసుకుంటుంది"

అమెరికా చెస్ట్‌నట్ చెట్టు సంగతి చూడండి. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో బెరడు ఎండు తెగులు కంటపడింది. అర్ధశతాబ్దం గడిచేసరికి దాదాపు 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయి. క్రిఫోనెక్ట్రియా పారాసిటికా అనే శిలీంధ్రం బెరడును చుట్టూ చంపుతుంది, వేళ్లను మాత్రం చంపలేదు. మోడు నుంచి పిలకలు వస్తాయి. బెరడు కాస్త ముదిరి పగుళ్లు పడేసరికి శిలీంధ్రం మళ్లీ పట్టుకుంటుంది. చాలా పిలకలు పూత దశకు రాకుండానే చస్తాయి. తట్టుకునే గుణం ఎంపిక కావాలంటే పూత, కాయ, విత్తనం, కొత్త తరం ఉండాలి. ఇక్కడ ఆ గొలుసే తెగిపోయింది. చైనా, జపాన్ చెస్ట్‌నట్లు తట్టుకుంటున్నాయంటే ఈ శిలీంధ్రంతో కలిసి అవి గడిపిన కాలం చాలా పెద్దది.

ఇంకో పరాయి శిలీంధ్రం చంపుతున్న ఐరోపా యాష్ చెట్ల పరిస్థితి కొంత నయం. వాటిలో నూటికి ఒకటి నుంచి అయిదు దాకా బాగా తట్టుకుంటున్నాయి, ఆ గుణం విత్తనాల ద్వారా దిగుతోంది కూడా. అయితే వాటిని గుర్తించి, అంటుకట్టి, పిల్లమొక్కలను ఏళ్ల తరబడి పరీక్షించాలి. అది ఎవరో చేస్తేనే అవుతుంది.

"డీఎన్‌ఏ పరీక్ష ఒక్క రోజులో తేల్చేస్తుంది"

యంత్రం తనలో పెట్టిన ముక్క గురించే చెప్తుంది. ఆ ముక్క ఎక్కడిది, ఎలా తెచ్చారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఫైటాఫ్థోరా (వేళ్లను, బెరడును చంపే, శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి) సోకిన కాండం బెరడు చెక్కి చూస్తే గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. మచ్చ మధ్యలోంచి తీస్తే దొరికేది తర్వాత చేరిన కుళ్లు శిలీంధ్రాలే. ఆరోగ్యంగా ఉన్న కణజాలం గోధుమరంగులోకి మారే అంచు నుంచే తీయాలి. ముక్కలను తడి కాగితంలో చుట్టి చల్లగా తేవాలి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఆ వేడికి ఫైటాఫ్థోరా చచ్చిపోతుంది. ఆపైన పిమరిసిన్, యాంపిసిలిన్, రిఫాంపిసిన్, పీసీఎన్‌బీ అనే మందులు కలిపిన మాధ్యమంలో (సూక్ష్మజీవులను పెంచే ఆహారంలో) పెంచాలి. ఇవి లేకపోతే బాక్టీరియా, మామూలు బూజులు ముందే కమ్మేస్తాయి. ఫైటాఫ్థోరాకు దగ్గరి చుట్టమైన పిథియం బెడద తగ్గించడానికి హైమెక్సజోల్ అనే మందు కలుపుతారు, కానీ దానివల్ల కొన్ని ఫైటాఫ్థోరా జాతులూ పెరగవు. అందుకే అది కలిపిన పళ్లెం, కలపని పళ్లెం రెండూ పెట్టడం మంచిది.

మట్టి పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేయాలి. మట్టిని నీటితో ముంచి, పైన రోడోడెండ్రాన్ ఆకులు తేలేసి, 18–20 డిగ్రీల సెల్సియస్‌లో మూడు రోజుల నుంచి వారం దాకా ఉంచుతారు. నీటిలో ఈదే స్పోర్లు (విత్తనాల్లా వ్యాపించే కణాలు) ఆకుకు చేరితే అక్కడ నల్ల మచ్చ పడుతుంది. వేసవిలో ఎండిపోయిన మట్టిని నేరుగా ముంచితే తరచూ ఏమీ రాదు. కొన్ని రోజులు ముందే తడిపి ఉంచితే నిద్రలో ఉన్న స్పోర్లు లేస్తాయి. ఈ మెట్టు దాటేసి "తెగులు లేదు" అని రాసిన నివేదిక ఏమీ చేయకపోవడం కన్నా ప్రమాదం.

ఇంకో సంగతి: చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా పరీక్షలో బయటపడుతుంది. దొరికిన జీవే చెట్టును చంపిందని రుజువు చేయాలంటే దాన్ని విడిగా పెంచాలి. ఆరోగ్యమైన చెట్టు బెరడు కింద చిన్న బిళ్లంత పెట్టాలి, పోలిక కోసం ఇంకో చెట్టుకు ఉత్త మాధ్యమం పెట్టాలి. కొన్ని వారాల తర్వాత మచ్చల పొడవు కొలిచి, అదే జీవిని మళ్లీ బయటకు తీయాలి. దీన్ని ఒక్క రోజుకు కుదించే యంత్రం లేదు.

"పేర్లు పెట్టడమే పని"

మిగతా వాటికన్నా ఈ మాటే ఎక్కువ నష్టం చేస్తుంది. పోలండులో 1990ల మొదట్లో యాష్ చెట్లు ఎండిపోసాగాయి. కారణమైన శిలీంధ్రానికి 2006లో కలారా ఫ్రాక్సినియా అని పేరు పెట్టారు. 2009లో దాని లైంగిక దశ (అదే శిలీంధ్రం జతకట్టి స్పోర్లు పుట్టించే రూపం) ఐరోపాలో ఎప్పటినుంచో ఉన్న నిరపాయ శిలీంధ్రం హైమెనోసైఫస్ ఆల్బిడస్ అనుకున్నారు. స్వదేశపు జీవే అయితే మొక్కల రవాణా ఆపడానికి చట్టం ఊతమివ్వదు. చూడటానికి అలాగే ఉన్నా జన్యువులు వేరైన కొత్త జాతి ఇది అని తర్వాత తేలింది. అది తూర్పు ఆసియా నుంచి వచ్చింది. బ్రిటన్ యాష్ మొక్కల దిగుమతిని నిషేధించింది 2012 అక్టోబరులో.

ఎల్మ్ చెట్టు కథలో ఇది మరీ స్పష్టం. 1960లో బ్రిటన్‌లో దాని తెగులు తగ్గుముఖం పట్టిందని, తీరు మారకపోతే పెద్ద విపత్తు రాదని చెట్ల తెగుళ్ల శాస్త్రవేత్త టామ్ పీస్ అంచనా వేశారు. అప్పటి శిలీంధ్రానికి ఆ అంచనా సరైనదే. 1960ల చివర్లో కెనడా నుంచి వచ్చిన రాక్ ఎల్మ్ దుంగలతో అంతకన్నా తీవ్రమైన రకం దిగింది. రెండూ వేర్వేరని శాస్త్రవేత్తలు క్లైవ్ బ్రేజియర్, జాన్ గిబ్స్ 1973లో చూపించారు. కొత్తగా వచ్చిన ఆ తీవ్రమైన రకానికి బ్రేజియర్ ఆఫియోస్టోమా నోవో-అల్మి అని పేరు పెట్టింది 1991లో. ఆ నడిమి కాలమంతా పెరుగుదల వేగం, సంకరం, ఉష్ణోగ్రత, విషతీవ్రత పోలుస్తూ గడిచింది. బ్రిటన్ పోగొట్టుకున్న ఎల్మ్‌లు రెండున్నర కోట్లకు పైనే.

"కొట్టేస్తే సరి"

ఏ చెట్టును కొట్టాలి? కాలిఫోర్నియాలో ఫైటాఫ్థోరా రామోరమ్ సోకి ఓక్ చెట్లు చస్తాయి, కానీ వాటి నుంచి స్పోర్లు పెద్దగా పుట్టవు. పక్కనున్న బే లారెల్ ఆకుల మీద పుడతాయి, ఆ చెట్టేమో చావదు. చచ్చిన ఓక్‌లు కొట్టినంత మాత్రాన వ్యాప్తి ఆగదు. యాష్ తెగులు స్పోర్లు రాలిన ఆకుల కాడల మీద వేసవిలో పుట్టి గాలికి పోతాయి, అందుకని మాను నరికి లాభం తక్కువ. ఎల్మ్‌ల విషయంలో నరకడం పని చేస్తుంది, కానీ వరస తప్పితే పోతుంది. పక్క పక్క ఎల్మ్‌ల వేళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. ముందు మధ్యలో కందకం తవ్వి వేళ్లు తెంచి, తర్వాతే జబ్బు చెట్టును కొట్టాలి. దుంగల బెరడు ఒలిచి కాల్చేయాలి. కట్టెలుగా పేర్చి ఉంచితే బెరడు కింది పురుగులు వసంతంలో స్పోర్లు మోసుకుంటూ బయటకొస్తాయి.

"రేవుల్లో తనిఖీ ఉంది"

తనిఖీ జరిగేది జాబితాలో ఉన్న జీవుల కోసమే. రామోరమ్‌కు 2001 దాకా పేరే లేదు. కుండీ మట్టిలోని ఫైటాఫ్థోరా కంటికి కనబడదు, పైగా కొన్ని మందులు దాన్ని చంపకుండా లక్షణాలను మాత్రం అణచేస్తాయి. చెక్క పెట్టెలను లోపలిదాకా 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేయాలనే అంతర్జాతీయ నియమం మంచిదే, కానీ బతికున్న మొక్కను అలా వేడి చేయలేం కదా.

"మందు కనిపెట్టలేదు"

చెస్ట్‌నట్‌కు ఐరోపాలో దొరికింది. 1950 ప్రాంతంలో ఇటలీలో శాస్త్రవేత్త ఆంటోనియో బిరాగి తమంతట తాము మానుతున్న పుండ్లను గమనించారు. తర్వాత ఫ్రాన్స్‌లో జాఁ గ్రాంత్ (Jean Grente) వాటి నుంచి బలహీనపడిన శిలీంధ్రాన్ని వేరుచేసి వాడకంలోకి తెచ్చారు. శిలీంధ్రాన్ని బలహీనపరుస్తున్నది దానిలోని వైరస్ అని ఆపైన తెలిసింది. ఈ వైరస్ శిలీంధ్రపు పోగులు కలిసినప్పుడే ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. పొసగని రకాలు ఎదురైతే కలిసిన కణాలు చచ్చి దారి మూసుకుంటుంది. అమెరికాలో అలాంటి రకాలు చాలా ఎక్కువ కాబట్టి అక్కడ ఈ పద్ధతి అంతగా ఫలించలేదు.

ఎల్మ్ శిలీంధ్రానికీ వైరస్‌లున్నాయి, ఆ దారిలో ఆశా ఉండేది. తెగులు కొత్తగా చేరిన చోట నోవో-అల్మి ఒకే రకంగా ఉంటుంది కాబట్టి వైరస్ సులువుగా వ్యాపిస్తుంది. కొన్నేళ్లకు అది పాత ఎల్మ్ శిలీంధ్రమైన ఆఫియోస్టోమా అల్మితో సంకరమై, పొసగని గుణాన్నిచ్చే జన్యువులను దాని నుంచి తెచ్చుకుంటుంది. రకాలు పెరిగి వైరస్‌కు దారి మూసుకుపోతుంది. బ్రేజియర్, ఆయన సహచరులు ఈ మార్పును పట్టుకోగలిగింది తెగులు వచ్చిన తొలి ఏళ్ల నమూనాలనూ తర్వాతి ఏళ్ల నమూనాలనూ పక్కపక్కన పెట్టి చూడటం వల్లే.