'సీజనల్ పండ్లు' బోర్డు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'సీజనల్ పండ్లు' బోర్డు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. సూపర్‌మార్కెట్ కప్పు నుంచి వేలాడుతున్న మీరు కూడా క్షేమమేనని తలుస్తాను. ఆకుపచ్చ రంగు, మూలన చిన్న ఆకు బొమ్మ, వంపులు తిరిగిన అక్షరాలు... చూడముచ్చటగా ఉన్నారు. మీతో నా పేచీ ఒక్కటే. సీజన్ అంటారు గానీ, ఎవరి సీజనో చెప్పరు.

ఉత్తరార్ధగోళంలో ఇది తొలి వసంతం. చలి దేశాల తోటల్లో ఇంకా పూత రావాలి, పిందె పడాలి, ఆ తర్వాత కదా పండు! పాత పంట అయిపోవస్తుంది, కొత్తది చేతికి రాదు. మీ కింద మాత్రం యాపిల్, ద్రాక్ష, స్ట్రాబెర్రీ, పియర్, నారింజ అన్నీ ఒకేసారి కొలువుతీరాయి. మీ లెక్కలో ఏడాదికి ఒకటే సీజన్ కాబోలు.

ముందు యాపిల్ సంగతి. ఉత్తరాన దాని కోత ఆగస్టు నుంచి నవంబరు దాకా. కాబట్టి మార్చిలో మీ కింద మెరిసే యాపిల్ అప్పటి నుంచీ కోల్డ్ స్టోరేజ్‌లో మగ్గినదైనా అయ్యుండాలి, దక్షిణార్ధగోళంలో ఈమధ్యే కోస్తే ఓడెక్కి వచ్చినదైనా అయ్యుండాలి. స్టోరేజ్‌ని నేను తప్పుపట్టను, అదో గొప్ప విద్య. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి దించి, చల్లటి గదిలో నెలల తరబడి ఉంచుతారు. ఊపిరి సరిగా ఆడక, పండు ముదిరే పనే వాయిదా వేసుకుంటుంది. మెరుపు కోసం పైన కార్నాబా మైనమో, లక్క పురుగుల నుంచి తీసే షెల్లాకో పూస్తారు. అవీ తినదగ్గవే. కొరికాక కొన్ని కరకరలాడతాయి, కొన్ని పైన పటారం లోన లొటారం. ఏది ఎన్ని నెలలదో దాని మొహం చూసి చెప్పలేం.

పోనీ ఒంటి మీద స్టిక్కర్ ఉంది కదా అంటారా? చదివాను. అందులో ఉండేది బిల్లు కౌంటర్‌కు కావలసిన నంబరు. అరటికి 4011, అదే సేంద్రియమైతే ముందు 9 చేరి 94011. కోసిన నెల మాత్రం ఉండదు. బిస్కెట్ ప్యాకెట్‌కు తేదీ ఉంటుంది, మంచినీళ్ల సీసాకూ ఉంటుంది. పండును మాత్రం వయసు అడగకూడదట.

ఇక మీ ముద్దుబిడ్డ స్ట్రాబెర్రీ. డబ్బాలో పైవరుస గ్రూప్ ఫొటోకు నిలబడ్డట్టు ఎర్రగా, నిటారుగా ఉంటుంది. డబ్బా తిరగేస్తే అసలు కథ. అడుగున పరిచిన కాగితం మీద గులాబీ రంగు మరకలు, మూలన ఒక పండుకు బూడిదరంగు నూగు. అది బోట్రైటిస్ అనే బూజు. ఫ్రిజ్ చలికి కూడా లొంగదు, పక్క పండుకు అంటించేదాకా ఊరుకోదు. తొడిమ చుట్టూ తెల్లగా ఉన్నవైతే పూర్తిగా పండకముందే కోసినవి. ఇంటికెళ్లాక పండుతుందిలే అన్న ఆశ అరటి దగ్గరో, కివి దగ్గరో పెట్టుకోవచ్చు. స్ట్రాబెర్రీకి కోశాక రంగు కాస్త ముదురుతుందేమో గానీ తీపి పెరగదు.

ద్రాక్ష గురించి ఎక్కువ చెప్పను. కాడ పచ్చగా ఉంటే బుట్టలోకి, ఎండి గోధుమరంగుకు తిరిగితే అక్కడికే.

మీరు నిజం చెప్పే చోటు కూడా ఒకటుంది, ఒప్పుకోవాలి. నారింజ, గ్రేప్‌ఫ్రూట్‌లకు చలికాలం నుంచి వసంతం దాకా నిజంగానే మంచి రోజులు. మరి వాటికి ఆ ఎర్ర వల దేనికండీ? ఎర్ర దారాల మధ్య నుంచి చూస్తే పాలిపోయిన పసుపు కూడా నిగారించినట్టు కనిపిస్తుంది. ఇంటికెళ్లి వల కత్తిరించగానే రంగు దిగిపోతుంది. అసలు నారింజకు తొక్క రంగుతో పనేంటి? వెలెన్షియా రకమైతే చెట్టు మీద పండాక కూడా ఎండలు పెరిగేసరికి మళ్లీ పచ్చబడుతుంది. లోపలి తీపికి ఢోకా ఉండదు. ఒకే సైజువి రెండు తీసుకుని చెరో చేతిలో తూచితే, బరువుగా ఉన్నదాంట్లో రసం ఎక్కువ. నేనలా తూచుతున్నంతసేపూ సెక్యూరిటీ అతను నన్నే చూస్తుంటాడు. వలలో ఉంటే ఆ భాగ్యమూ లేదు.

కాబట్టి తమరికి విన్నవించుకునేది ఏమంటే, మీ కింద బోలెడు ఖాళీ ఉంది. కోసిన నెల, వచ్చిన దేశం, రెండు ముక్కలు రాయించండి చాలు. 'అక్టోబరు యాపిల్' అని రాసినా కొంటాను, నాకేం నామోషీ లేదు. 'వసంతపు తాజాదనం' అంటేనే టెన్షన్. రెండు నెలలు పోతే మిమ్మల్ని దించేసి 'వేసవి పండ్లు' అని మరో బోర్డు ఎక్కిస్తారట. కింద యాపిల్ మాత్రం కదలదట.

ఇట్లు,
డబ్బా తిరగేసే అలవాటున్న ఒక కొనుగోలుదారు

తా.క.: పియర్ లోపలి నుంచి బయటికి పండుతుంది కాబట్టి మెడ దగ్గర మెల్లగా నొక్కి చూడాలి. జనం పొట్టలో పొడిచి పోతున్నారు. 'నొక్కరాదు' అనే బోర్డు మీకు చుట్టమే అయ్యుంటుంది, కాస్త చెప్పి పంపించండి.