ఇంతకీ ఎన్నింటిని లేపేసింది?

హైదరాబాద్ నుంచి వచ్చిన మా తోడల్లుడు గారిని ఆదివారం సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డుకు తీసుకెళ్లాను. అక్కడ మ్యూజియంగా నిలబెట్టిన నౌకాదళ విమానం టీయూ-142 కింద నిలబడి, తల పైకెత్తి, ముక్కు నుంచి తోక దాకా ఓసారి కలయజూసి, ప్లాటు బేరానికి వచ్చినవాడి మొహం పెట్టి ఆయన ఒకటే ప్రశ్న వేశారు.

"ఇంతకీ ఇది ఎన్నింటిని లేపేసింది?"

గైడు నౌకాదళంలో చేసి రిటైరైన పెద్దమనిషి. గొప్పలు చెప్పడం చేతకాదు. "ఒక్కదాన్ని కూడా లేదు సార్" అన్నాడు.

మా తోడల్లుడి మొహం చూడాలి. పెళ్లికొడుక్కి ఉద్యోగం లేదని పీటల మీద తెలిసిన మామగారి మొహం. "ఒక్కటీ లేదా? 29 ఏళ్ల సర్వీసులో? మరెందుకు పెట్టారండీ దీన్ని ఇక్కడ?"

నిజమే, ఎందుకు పెట్టారు? నిలదీసి అడిగే పౌరులు కరువైపోయిన రోజుల్లో ఇలాంటి ప్రశ్న రావడమే శుభపరిణామం. కాబట్టి బాధ్యత గల కాలమిస్టుగా ఈ విమానం మీద నేనే విచారణ చేపట్టాను.

ముద్దాయి 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి మన నౌకాదళంలో చేరింది. అలాంటివి మొత్తం ఎనిమిది. మొదట గోవాలో ఉండి, తర్వాత తమిళనాడులోని అరక్కోణంలో కాపురం పెట్టాయి. 2017 మార్చిలో అక్కడే పదవీ విరమణ. ముద్దాయి మాత్రం ఏప్రిల్లో సొంత రెక్కల మీద విశాఖ వచ్చి, ఇక్కడ ముక్కలుగా విప్పించుకుని, బీచ్ పక్కన మళ్లీ బిగించుకుని, డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మ్యూజియం అయింది. 50 మీటర్లు దాటిన పొడవు. నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది, పెళ్లయి ముప్పై ఏళ్లయిన దంపతుల్లాగా. అన్నీ కలిపి 32 రెక్కలు. ఆ 32 రెక్కల ముందు నిలబడి మా తోడల్లుడు కొడుకుతో "ఫైటర్ జెట్టురా చంటీ, సరిగ్గా చూడు" అన్నారు.

ఇక నేరం సంగతి. ఈ విమానం సముద్రం మీద తిరుగుతూ వినేది. ప్రధానంగా అదే పని. సోనోబోయ్‌లనే గొట్టాలను పారాచూట్లతో నీళ్లలోకి వదులుతుంది. అవి పైన తేలుతూ, కిందికి ఒక మైకు దించుతాయి. నీళ్ల కింద జలాంతర్గామి కదిలిన చప్పుడు ఆ మైకులో పడి, రేడియో ద్వారా పైనున్న విమానానికి చేరుతుంది. తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లు లాంటిది ఒకటుంది, నీళ్ల కింద అంత ఇనుము దాక్కుంటే భూమి అయస్కాంత శక్తిలో వచ్చే రవ్వంత తేడాను అది పసిగడుతుంది. తమాషా ఏమిటంటే, ఈ జాతి విమానాలు ప్రొపెల్లర్ల రొదకు పేరుమోసినవి. అంత రొదలో ఇరుకు గొట్టంలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అడుగున అతి మెల్లగా పోయే దాని చప్పుడు కోసం గంటల కొద్దీ చెవి ఒగ్గడం కొందరు మనుషుల ఉద్యోగం. మా తోడల్లుడికి ఫోన్లో ఎదుటివాడి మాట రెండు నిమిషాలు వినే ఓపిక లేదు.

లోపలికి ఎక్కాం. గోడలకు సోవియట్ వాళ్లకు ఇష్టమైన ఆ నీలిపచ్చ రంగు. స్విచ్చుల కింద రష్యన్ అక్షరాలు. ఒక స్విచ్చు మీద రంగంతా పోయి లోహం మెరుస్తోంది, సరిగ్గా బొటనవేలు ఆనే మేరకే. ఎన్నేళ్లు, ఎన్ని రాత్రులు నొక్కితే అలా అరుగుతుంది? నేను అక్కడే ఆగిపోయాను. వెనక నుంచి కేక, "అన్నయ్యగారూ, ట్రిగ్గర్ ఏదీ?"

కిందికి దిగాక సోనోబోయ్‌ని చూసి "ఇదే బాంబు" అని చంటిగాడికి చెప్పారు. "బాంబు కాదు సార్, మైకు" అన్నాడు గైడు. "మైకా?!" బిర్యానీ సెంటర్లో పెరుగన్నం వడ్డించినట్టు చూశారు. చివరికి ఆయన్ని బతికించింది విమానం తోక. అక్కడ వెనక నుంచి వచ్చే శత్రువు కోసం పెట్టిన తుపాకీ గొట్టాలున్నాయి. వాటిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, తీసి, చొక్కా పైగుండీ విప్పి, పన్నెండు నిమిషాలు ఫొటోలు. 53 మీటర్ల విమానంలో ఆయన గౌరవానికి నోచుకున్నది చివరి రెండు మీటర్లే.

ఆయన ఒక్కణ్నీ అనడం అన్యాయం. అక్కడి బెంచీ మీద గంటసేపు కూర్చుని విన్నాను. వచ్చిన బ్యాచి వచ్చినట్టు అదే ప్రశ్న. ఎన్ని కొట్టింది, ఎన్ని కూల్చింది, స్కోరెంత. కాబట్టి ప్రజాభిప్రాయాన్ని మన్నించి పర్యాటకాభివృద్ధి కోసం కొన్ని సూచనలు చేస్తున్నాను. రోడ్డుకు ఇవతల జలాంతర్గాముల్ని వేటాడే విమానం ఉంది. అవతల ఇసుకలో కురుసుర అనే నిఖార్సైన జలాంతర్గామి ఉంది. కథానాయకుడు, ప్రతినాయకుడు ఎదురెదురుగా నిలబడి ఇన్నేళ్లుగా ఒకరినొకరు చూసుకుంటున్నారు, ఒక్క ఫైటూ లేదు! ఇంతకన్నా వృథా ఉంటుందా? ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు బీచ్ రోడ్డు ట్రాఫిక్ ఆపాలి. డప్పులు మోగాలి. ప్రొపెల్లర్ల వెనక నుంచి పొగ, ఎదురుగా పెద్ద ఫ్యాను. విమానం ముక్కులోంచి ఎర్ర లేజర్ బయల్దేరి, మురీ మిక్చర్ బళ్ల మీదుగా పోయి, కురుసుర నడుముకు తగలాలి. ఢాం! అదీ మనదే కదా అని గిట్టనివాళ్లు గొడవ చేస్తే ఆ గంటసేపూ దానికి ఏదో ఒక శత్రుదేశం జెండా చుట్టేద్దాం, వారానికో దేశం. మొదటి బటన్ స్థానిక ప్రజాప్రతినిధి గారు నొక్కుతారు. అది పనిచేయదు. ఎలక్ట్రీషియన్ వచ్చి నొక్కుతాడు. అప్పుడు ఢాం. పెద్ద తెర మీద స్కోరు: ఒకటి సున్నా. జనం ఈలలు. మా తోడల్లుడు టికెట్టు ఐదొందలైనా కొంటారు, నాది కూడా నాచేత కొనిపిస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, కురుసురకీ ఇదే జబ్బు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసి, 2001లో రిటైరైంది. అదీ ఎవర్నీ ముంచలేదు. రోడ్డుకు అటూ సున్నా, ఇటూ సున్నా.

ఇలా నీళ్ల కింద నక్కే వాటి మీద చెవి వేసి ఉంచకపోతే ఏమవుతుందో విశాఖ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ ఈ రేవు గుమ్మం దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఘాజీ ఇక్కడే మునిగింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. ఆ యుద్ధవిజయ స్మారకం ఇదే బీచ్ రోడ్డు మీద ఉంది. దాన్ని ఆనుకుని మా తోడల్లుడు చెప్పులోని ఇసుక దులుపుకున్నారు.

ఇంతవరకూ నవ్వుతూనే భరించాను. వెళ్లబోతుంటే గైడు చివరి మాటగా, "ఈ విమానాలు 30,000 గంటలు ఎగిరాయి సార్, ఒక్క ప్రమాదం లేదు" అన్నాడు. గొంతులో ఆయనకు తెలియకుండానే కాస్త గర్వం. దానికి మా వాడు, అవును, ఇక గారు లేదు, మా వాడు నవ్వి ఏమన్నాడో తెలుసా? "అంటే రిస్కు తీసుకోలేదన్నమాట!"

రిస్కా? 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అది బాంబులేయడానికి పోలేదు, మనుషుల్నీ సరుకునీ చేరవేసే విమానం. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది ఈ ఊళ్లో నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసేవాళ్లు, డ్యూటీ మీద వెళ్తున్నవాళ్లు. శకలాలు 3,400 మీటర్ల లోతున కనిపించాయని 2024 జనవరిలో చెప్పారు. ఏడున్నరేళ్లు! ఆ ఇళ్లలో ఫోను మోగిన ప్రతిసారీ ఏమనుకుని ఉంటారు? యుద్ధం లేదు, శత్రువు లేడు, ఉత్త గాలి, ఉత్త సముద్రం. అది చాలు మనుషుల్ని మింగడానికి. అలాంటి సముద్రం మీద 29 ఏళ్లు, రాత్రనక పగలనక వెళ్లి, అందరినీ ఇంటికి తెచ్చి దించిన విమానం ఇది. దీన్ని పట్టుకుని ఏమీ చేయలేదంటావా? చంపితేనే లెక్కా? సిగ్గుండాలి.

ఈ మాటలు పైకి అనలేదు. మా మరదలు పక్కనే ఉంది. మురీ మిక్చర్ కొనిచ్చాను.

తిరుగు దారిలో కార్లో ఆయన తన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కబుర్లు మొదలుపెట్టారు. ఆయన సెక్రటరీ అయ్యాక మూడేళ్లలో ఒక్క దొంగతనం జరగలేదట. మొన్న ఉగాదికి మీటింగు పెట్టి శాలువా కప్పారట.

"ఎంతమంది దొంగల్ని లేపేశారు?" అన్నాను.

"అదేంటి అన్నయ్యగారూ, దొంగలు రాలేదు కదా. కెమెరాలు పెట్టించాను, వాచ్‌మన్ రాత్రంతా తిరుగుతాడు. ఇంకెందుకొస్తారు?"

"ఒక్కణ్ని కూడా లేపెయ్యలేదా? మరి శాలువా ఎందుకు కప్పారు?"

ఆయనకు అర్థం కాలేదు. వెనక సీట్లోంచి చంటిగాడు, "పెదనాన్నా, జలాంతర్గామి ఎలా చప్పుడు చేస్తుంది?" అని అడిగాడు. సాయంత్రమంతా ఆ విమానాన్ని ఉద్దేశించి ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. నాకు జవాబు తెలీదు. గైడు ఉండగా అడిగి ఉంటే బాగుండేది.

రాత్రి పదింటికి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో వచ్చింది. తోక తుపాకీ కింద మా తోడల్లుడు గారు, నల్ల కళ్లజోడు, విప్పిన పైగుండీ. కింద "రష్యన్ ఫైటర్ జెట్‌తో" అని రాశారు. ఐదు నిమిషాల్లో నలభై దండాలు, పదకొండు జెండాలు. మా బావమరిది వెంటనే అడిగాడు, "ఎన్నింటిని లేపేసింది బావా?"

కాసేపు టైపింగ్ అని కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది.

"అవి బయటికి చెప్పకూడదు. నేవీ వాళ్లు నాకు ఒక్కడికే చెప్పారు."