ప్రభువు పుట్టకముందే కేకు

డిసెంబర్ మొదటి శనివారం ఇక్కడ అమెరికాలో మన తెలుగు కతోలిక సంఘం జరిపిన క్రిస్మస్ సంబరాల ఫోటోలు అందరూ చూసే ఉంటారు. వాటిలో పడనిది ఒకటి చెబుతాను. పూజకు ముందు గురువుగారు, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపుకు గుర్తైన ఊదా వస్త్రం ధరిస్తుంటే ఒకరు వచ్చి, "తెల్లది వేసుకోండి ఫాదర్, వేదిక అలంకరణకు నప్పుతుంది" అన్నారు. ఆయన నవ్వి ఊరుకుని ఊదాలోనే బలిపీఠం దగ్గరికి వెళ్లారు. ప్రసంగం మొదలై ఐదు నిమిషాలు దాటిందో లేదో ఆయనకు ఒక చీటీ అందింది. భోజనాలు చల్లారిపోతున్నాయట. స్నాపక యోహాను ఎడారిలో ఉండగానే ప్రసంగం ముగిసింది.

తర్వాత శాంటా తాత వచ్చాడు, కేకు కోశాం, బహుమతుల చీట్లు తీశాం. పశువుల పాకలో బాలయేసు అప్పటికే పడుకుని ఉన్నాడు. ఆ ఎదురుచూపు కాలం, అంటే ఆగమన కాలం, మొదలై వారమైనా పూర్తి కాలేదు! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ తల్లీ ఉంది, నెలలూ నిండుతున్నాయి, మనకే ఓపిక లేకపోయింది.

తెనాలి దగ్గర మా ఊళ్లో ఈ విషయంలో మా నాయనమ్మది ఉక్కు శాసనం. పండుగ ముందు వారం అరిసెలు, జంతికలు, మినపసున్నుండలు చేసి డబ్బాలకెత్తి అటక మీద పెట్టించేది. బెల్లం పాకం, నూనె కలిసిన వాసన ఇంట్లో నాలుగు రోజులుండేది. ఎవరు అడిగినా "ప్రభువు పుట్టాక" అని ఒకటే జవాబు. మా చిన్నాన్న కొడుకు ఒకసారి నిచ్చెన వేసుకుని ఒక్క అరిసె దించుకుంటే గరిటె తిరగేసి వీపు మీద ఒకటి వేసింది. ఆగమన కాలంలో అరిసెలు తినకూడదని శ్రీసభ ఎక్కడా చెప్పలేదు, అది ఆవిడ సొంత చట్టం. అర్ధరాత్రి పూజలో గురువుగారు బాలయేసును పాకలో ఉంచాక, ఊరంతా వరుసలో నిలబడి ముద్దుపెట్టుకున్నాక, చలిలో ఇంటికి నడిచి వచ్చేసరికి రాత్రి రెండయ్యేది. అప్పుడు దిగేవి ఆ డబ్బాలు. పిల్లలం సగం నిద్రలో నమిలేవాళ్లం. అంత రుచి నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు, ఇక్కడి తెలుగు దుకాణాల అరిసెల్లో అయితే అసలే లేదు.

అదే నెలలో మా తాత పొలంలో కుప్పలు వేసి నూర్పిడి కోసం చూసేవాడు. ఈసారి ఆగమన కాలపు మూడో ఆదివారం చదివిన యాకోబు లేఖలో సేద్యగాడు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఓర్పుతో కనిపెట్టుకుని ఉంటాడు. మా తాతకు డిసెంబర్ వానంటే దడ. తుఫాను పట్టి కుప్ప తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. అయినా కొడవలి పక్కన పెట్టి సాయంత్రం జపమాలకు కూర్చునేవాడు.

ఊళ్లో ఇప్పుడూ అలాగే ఉందని చెప్పను. డిసెంబర్ వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌ల జోరు. బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, నాయకుడి ఆధ్వర్యంలో మరొకటి. ఆ తొందరనే మనం ఇక్కడికి సామానుతో పాటు తెచ్చుకున్నాం.

సంబరాలు ముందే పెట్టక తప్పదనే కమిటీవారి మాటలోనూ న్యాయం ఉంది. పిల్లలకు సెలవులివ్వగానే సగం మంది ఇండియా విమానం ఎక్కుతారు. పండుగ దగ్గరపడితే హాలు దొరకదు. తెలుగు ఫాదర్లకు వాళ్ల అమెరికన్ విచారణల్లోనే (పారిష్‌లలోనే) ఊపిరాడదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కాని మన విచారణలోని ఫిలిప్పీన్స్ వారిని చూడండి. పండుగకు ముందు తొమ్మిది రోజులూ పూజలు వాళ్ల ఆచారం. వాళ్లలో రాత్రి డ్యూటీ చేసే నర్సులే ఎక్కువ.

మనకు ఎదురుచూడటం తెలియదా? గ్రీన్ కార్డు వరుస ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా తెరిచి, అందులో ప్రయారిటీ డేట్ ముందుకు కదిలితే మిఠాయి పంచి, వెనక్కి జరిగితే రెండు రోజులు అన్నం సయించక కూర్చునేవాళ్లం. ఆ ఎదురుచూపు మనకు జుట్టు నెరిపింది గాని ప్రార్థన నేర్పలేదు. అక్కడ వచ్చేది ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. ఆగమన కాలంలో వచ్చేవాడు ఎవరో తెలుసు, వస్తాడనీ తెలుసు. పన్నెండో శతాబ్దంలోనే పునీత బెర్నార్డు ప్రభువు రాకడలు మూడన్నాడు. ఒకటి బెత్లెహేములో జరిగింది, ఒకటి లోకాంతాన జరగాలి, ఆ రెండింటి నడుమ కంటికి కనబడకుండా మన హృదయంలోకి వచ్చేది మరొకటి. ఈ నాలుగు ఆదివారాలు పూజలో పాడే మహిమ గీతం ఆపి, పీఠం మీద పూలు తగ్గించి గుడి ఖాళీ చేసుకునేది ఆ మూడోదానికి చోటివ్వడానికి కూడా.

ఆ రాత్రి హాల్లో ఉద్యోగం పోయి, వీసా మీద ఇక్కడ ఉండటానికి మిగిలిన అరవై రోజుల గడువు లెక్కపెట్టుకుంటున్న కుర్రాడున్నాడు. సంతానం కోసం ఏళ్లుగా గుణదల మాతకు మొక్కుకుంటున్న జంట ఉంది. జెకర్యా, ఎలిజబెతమ్మల కథ వాళ్లకు కావలసింది. మనం వాళ్లకు డీజే పాట వినిపించాం. ఎదురుచూసే ఊదా రంగు వాళ్లకు చుట్టం, దాన్నే మార్చుకోమన్నాం.

క్రిస్మస్ కాలం 25న మొదలై ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా సాగుతుంది. జనవరి 2 నాటికే నక్షత్రం దించేసేది మనమే. 2027లో ఆ పండుగ జనవరి 10న వస్తుంది. ముందురోజు, శనివారం సంబరాలు పెట్టుకుందాం. ఇండియా వెళ్లినవారు తిరిగొస్తారు, ఫాదర్లకు తీరిక దొరుకుతుంది, సంక్రాంతి సభల పోటీ ఇంకా మొదలవదు. డిసెంబర్‌లో ఒక్క సాయంత్రం మాత్రం ఆగమన వలయంలో కొవ్వొత్తులు వెలిగించి, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), జపమాల, పూజ పెట్టుకుందాం. గడియారం చూడకుండా కూర్చుందాం.

ఫిబ్రవరి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను, దయచేసి ఎవరైనా బలపరచండి. ఆ డిసెంబర్ సాయంత్రానికి పులిహోర, పెరుగన్నం మా ఇంటి నుంచి వస్తాయి. రెండూ చల్లారినా బాగానే ఉంటాయి.